తుంగలంక సంగడి

కనకరత్నం గారి దొడ్లో గేదెలు కుడితి తాగే తొట్టి ఒకప్పుడు పెళ్ళికూతుళ్ళను మోసింది. ఆ సంగతి గేదెలకు తెలియదు. తుంగలంకలో ఇప్పటి పిల్లల్లో చాలామందికీ తెలియదు. కనకరత్నం గారి మనవరాలు తేజశ్రీకి మాత్రం ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఎందుకంటే ఆ పిల్ల కుడితి పోయడానికి వెళ్ళిన ప్రతిసారీ మామ్మ అరుగు మీద నుంచి కేకేసేది.

"నెమ్మదిగా పొయ్యవే. మీ అమ్మ కూర్చుని వచ్చిన చోటది."

అది తాటిదోనె. ముదిరిన తాటిచెట్టును మొదలంటా కొట్టి, లోపలి పీచంతా తొలిచేస్తే మిగిలే పడవ. తాటిమొదలు ఉబ్బుగా ఉంటుంది కాబట్టి ఆ కొస దానంతటదే మూసుకుని ఉంటుంది. రెండో కొస మాత్రం తూములా నోరు తెరుచుకుని ఉంటుంది. దానికి మట్టి పెట్టాలి. కొల్లేటి అడుగు బంకమట్టిలో గడ్డి తరుగు కలిపి, కాళ్ళతో తొక్కి, ముద్దలు చేసి, చేత్తో మెత్తి మూసెయ్యాలి. ఆ మట్టి నిలిస్తే అది పడవ. నిలవకపోతే తొట్టి. ఒంటి దోనె నీళ్ళ మీద దొర్లిపోతుంది కనుక రెండింటిని పక్కపక్కన చేర్చి, అడ్డకర్రలు వేసి, కొబ్బరితాళ్ళతో బిగిస్తారు. దాన్నే సంగడి అంటారు.

వంతెన పడకముందు తుంగలంకకు దారి అంటే సంగడే. రోడ్డు గట్టుకూ ఊరికీ మధ్య కొల్లేటి పాయ ఒకటి అడ్డం. బియ్యం బస్తాలు, కిరసనాయిలు డబ్బాలు, బడి పంతుళ్ళు, ఓట్ల పెట్టెలు అన్నీ దాని మీదే వచ్చాయి. ఆ మాటకొస్తే కొల్లేటిలో దోనెలు లేని లంక ఏది? కానీ తుంగలంక వాళ్ళకు మాత్రం తమదే అయిన పద్ధతి ఒకటుండేది. దాని గురించి చెప్పేటప్పుడు ఆ ఊళ్ళో ఎంత వంగిపోయిన ముసలివాళ్ళైనా కాస్త నిటారుగా కూర్చుంటారు.

ఊరికి కొత్త కోడలు వచ్చే రోజున, అవతలి గట్టు మీద ఆమే తన చేత్తో ఒక దోనెకు మట్టి పెట్టాలి. జత దోనెకు ఆడపడుచు పెట్టాలి. ఆ తర్వాత మగపెళ్ళివారు వెళ్ళి కోడలు మట్టి పెట్టిన దోనెలో కూర్చోవాలి. పెళ్ళికూతురూ, ఆమె వైపువాళ్ళూ ఆడపడుచు మట్టి పెట్టిన దాంట్లో కూర్చోవాలి. మా ప్రాణాలు మీ చేతుల్లో, మీ ప్రాణాలు మా చేతుల్లో అని ఎవరూ నోటితో అనరు. కూర్చుంటారు, అంతే.

తేజశ్రీ వాళ్ళమ్మ అలా వచ్చిన ఆఖరి కోడలు. ఆ మరుసటి ఏడే వంతెన పడింది. తాళ్ళు విప్పేశారు. ఒక దోనె గేదెలకు తొట్టి అయింది.

అన్నయ్య భానుప్రకాష్‌కు తాడేపల్లిగూడెం సంబంధం కుదరకపోయి ఉంటే ఆ తొట్టి తొట్టిగానే ఉండిపోయేది.

పెళ్ళికూతురి తండ్రి హనుమంతరావు గారికి గూడెంలో రైస్ మిల్లుంది. చెడ్డమనిషి కాదు. కాకపోతే ఎక్కడికి వెళ్ళినా ధాన్యం నమూనా చూసినట్టు ఒక గుప్పెడు తీసి నలిపి చూడ్డం ఆయనకు అలవాటు. మొదటిసారి తుంగలంక వచ్చిన రోజున ఊరంతా అలాగే చూశారు. వసారాలో కుర్చీలో కూర్చుని పకోడీ నములుతూ నవ్వారు.

"ఊరు బాగానే ఉందండీ. చేపలు, దోమలు, గుర్రపుడెక్క. ఇంకేముందండీ మీ ఊళ్ళో చెప్పుకోడానికి?"

తేజశ్రీ వాళ్ళ నాన్న ప్రసాదరావు కూడా నవ్వేశాడు. "ఏముందండీ, అంతేనండీ."

గుమ్మం దగ్గర మంచినీళ్ళ గ్లాసులతో నిలబడ్డ తేజశ్రీకి ఆ 'అంతేనండీ' ముల్లులా దిగింది. చలికాలం గూడబాతులు దిగితే ఊరి వెనక నీళ్ళు తెల్లగా అయిపోతాయని చెప్పాలనిపించింది. మా రేవుమెట్లు ఊరంతా కలిసి మోసి వేసుకున్నవని, వరదొచ్చిన ఏడు పక్క ఊళ్ళవాళ్ళందరికీ మా బడిలోనే వండి పెట్టారని చెప్పాలనిపించింది. కానీ ఆ పిల్లకు జవాబులు ఎప్పుడూ మర్నాడు బస్టాపులో తోస్తాయి. తోచినా గొంతు దాటవు. పదో తరగతి దాకా ఊరి బళ్ళోనే చదివింది. ఇప్పుడు ఏలూరులో ఇంటర్. అక్కడ లెక్చరర్ హాజరు పిలిస్తే 'ప్రెజెంట్' అన్నది ఆయనకు వినపడక రెండుసార్లు ఆబ్సెంట్ పడింది.

మామ్మకు ఆ బాధ లేదు. ఆవిడ చేతిలోని విసనకర్ర ఆపింది.

"హనుమంతరావు బాబూ, మా ఊళ్ళోకి కోడళ్ళు ఎలా వస్తారో మీకు తెలియదనుకుంటాను."

"చెప్పండి."

మామ్మ చెప్పింది. మట్టి, దోనెలు, ఎవరు ఎందులో కూర్చోవాలన్నది, అంతా. చెప్పి ఊరుకోకుండా ఇంకో మాట కూడా అంది. "మా ఇంటికి ఏ కోడలూ రోడ్డు మీద రాలేదు బాబూ. మీ అమ్మాయీ రాదు. సంగడి మీద వస్తుంది. మీరూ ఎక్కుతారు."

"నాకు ఈత రాదండీ," అన్నారు హనుమంతరావు గారు, ఈసారి నవ్వకుండా.

"మట్టి పెట్టేది మా ఆడపిల్ల. మీకు ఈతెందుకు?"

అందరూ తేజశ్రీ వైపు తిరిగారు. 

వాళ్ళ కారు వంతెన దాటిందో లేదో ప్రసాదరావు తల పట్టుకున్నాడు.

"సంగడెక్కడుందే అమ్మా? మన దగ్గరున్నది సగం. అందులో గేదె మూతి ఉంది."

"మిగతా సగం ఏలూర్లో ఉంది. మీరావలి ఇంట్లో."

మీరావలి వాళ్ళు ఏలూరులో తివాచీలు నేసే కుటుంబం. ఆయన తండ్రి ఉన్ని కొనడానికి కొల్లేటి ఒడ్డున గొర్రెల మందల చుట్టూ తిరిగేవాడు. ఆ తండ్రీ, తేజశ్రీ తాతయ్యా కలిసి ఆ సంగడి చేయించుకున్నారు. ఒక తాడి తాతయ్య గట్టుది, రెండోది ఆయన కొన్నది. వంతెన పడ్డాక ఎవరి చెట్టు వాళ్ళు తీసుకున్నారు. వాళ్ళిద్దరూ పోయారు. రాకపోకలూ పోయాయి.

"నాన్న పోయినప్పుడు వాళ్ళకి కబురు కూడా పెట్టలేదు మనం," అన్నాడు ప్రసాదరావు. "ఇప్పుడు దోనె కావాలని ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"కారుకి పూలు కట్టి తీసుకొస్తాలే మామ్మా," అన్నాడు భానుప్రకాష్. వట్లూరు కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్ అతను, ప్రతిదానికీ ఒక మరమ్మతు ఉంటుందని అతని నమ్మకం. "నెంబరు ప్లేటు మీద సంగడి అని రాయిద్దాం. సరిపోతుంది."

ఇంకెప్పుడైనా అయితే మామ్మ వాడికి తగిన జవాబే చెప్పేది. ఆ రోజు చెప్పలేదు. విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని దొడ్డివైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి, "పోనీలేరా. ముసల్ది మతి లేక వాగిందని చెప్పేయండి వాళ్ళతో," అంది.

మామ్మ తన మాటను తానే వాగుడు అనడం తేజశ్రీ అంతవరకూ వినలేదు. పైగా ఆ ఇచ్చిన మాటలో తన చేతులు కూడా ఉన్నాయి.

మర్నాడు కాలేజీ అయ్యాక ఆ పిల్ల ఇంటి బస్సు ఎక్కలేదు. తివాచీలు నేసేవాళ్ళ వీధి ఎటో అడుక్కుంటూ వెళ్ళింది. అడుక్కుంటూ అంటే, ముగ్గుర్ని అడగాలనుకుని ఒకర్నే అడిగింది. మీరావలి ఇంటి తలుపు ఆయన భార్య గుల్షన్ తీసింది.

"ఎవరమ్మా?"

పొద్దున బస్సులో తేజశ్రీ మాటలన్నీ వరసగా పేర్చుకుంది. అవన్నీ పెదపాడు స్టాపులోనే దిగిపోయినట్టున్నాయి. ఒక్కటీ లేదు.

"తివాచీ చూడ్డానికా?"

తేజశ్రీ తల అడ్డంగా ఊపింది.

"చందాకా?"

మళ్ళీ అడ్డంగా.

"కుట్టు నేర్చుకోడానికైతే పక్కిల్లమ్మా."

ఈసారి తల కూడా ఊగలేదు. గుల్షన్ లోపలికి తిరిగి, "ఏవండీ, ఎవరో మూగపిల్లండీ, పాపం. ఒకసారి రండి," అని పిలిచింది.

అప్పుడు తేజశ్రీకి పెరట్లో అది కనపడింది. ఇటుకల మీద నిలబెట్టి ఉంది. పైన తీగమీద రంగువేసిన ఉన్ని కట్టలు ఆరుతున్నాయి. దోనె లోపల అంచు కింద ఎరుపు చార, దాని కింద నీలం, దాని కింద మామిడిపండు పసుపు. ఏళ్ళ తరబడి రంగు నీళ్ళు నిలిచి నిలిచి చెక్కలోకి ఇంకిపోయాయి. తేజశ్రీ చెప్పులు విడిచి నేరుగా దాని దగ్గరికి వెళ్ళి అంచు తడిమింది. తాడు ఒరుసుకుని పడిన గాడి వేలికి తగిలింది. ఇంటి దగ్గర రోజూ తను కుడితి బకెట్టు ఆనించే గాడిలాంటిదే.

"ఇది మాది," అంది.

మోకాళ్ళ మీద చేతులు వేసుకుంటూ వచ్చిన మీరావలి గుమ్మంలో ఆగి ఆ పిల్లను పైనుంచి కిందకి చూశాడు.

"సగం," అన్నాడు. తర్వాత, "తుంగలంకేనా అమ్మా?"

అంతే, మాటలు తన్నుకొచ్చాయి. ఒకదాని వెనకాల ఒకటి కాదు, అన్నీ ఒక్కసారే. "మా అన్నయ్య పెళ్ళండీ. మామ్మ మాటిచ్చేసిందండీ వాళ్ళకి. మీ దోనె లేకపోతే మామ్మ మాట పోతుందండీ. తాతయ్య పోయినప్పుడు మీకు కబురు పెట్టలేదని నాన్న మొహం చెల్లక రాలేదండీ. నేనొచ్చినట్టు ఇంట్లో తెలీదండీ."

మీరావలి తీగమీది ఉన్నికట్ట ఒకటి సర్దాడు.

"తెలిసిందమ్మా. బజార్లో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. వచ్చేవాణ్ణి. పిలవలేదు కదా అని ఊరుకున్నాను. నాదీ తప్పే."

"ఆ పిల్లని నిలబెట్టి పాత సంగతులు తవ్వుతారేంటండీ," అంది గుల్షన్. "కూర్చోమ్మా. టీ తాగుతావా? మూగదానివనుకున్నాను, ఏమనుకోకు."

టీ తాగుతున్నంతసేపూ మీరావలి ఆ దోనెనే చూస్తున్నాడు. చిన్నప్పుడు తండ్రితో దాని మీద వెళ్ళి తేజశ్రీ వాళ్ళింట్లో కొరమీను పులుసు తిన్నాడట. ఎన్నోసార్లు తిన్నాడో గుర్తులేదు గానీ, ప్రతిసారీ కారానికి ఏడ్చాడట.

"దోనె ఇస్తాను," అన్నాడు చివరికి. "కానీ ఒక్కటే రాదు. నేనూ వస్తాను."

"గుమ్మం దిగలేని మనిషి దోనె ఎక్కుతారట," అంది గుల్షన్.

"ఎక్కడం సులువేనే. దిగడమే కష్టం. దానికి వాళ్ళున్నారుగా."

ఆ దోనె సత్తిబాబు చేపల వ్యానులో ఊరు చేరింది. సత్తిబాబు తండ్రి ఒకప్పుడు పాయలో సంగడి నడిపినవాడు, కొడుకు మాత్రం ఐసు పెట్టెలు నడుపుతాడు. వ్యాను రేవు దగ్గర ఆగేసరికి, పిలవకుండానే ఊళ్ళో ముసలమ్మలంతా వచ్చేశారు. దొడ్లోదాన్ని కూడా తెచ్చి రెండు దోనెలూ పక్కపక్కన పెట్టారు. ఒకటి కుడితి పట్టి నల్లగా నిగనిగలాడుతోంది, ఇంకోటి పండగ ముగ్గులా రంగులు రంగులుగా ఉంది. ఒకావిడ వంగి గాడి తడిమి, "నేను దీని మీదే వచ్చాను," అంది. ఇంకొకావిడ, "కాదు, నువ్వు వచ్చింది రాజరత్నం వాళ్ళ సంగడి మీద. మునిగింది కూడా," అంది. తర్వాత ఇద్దరూ కలిసి మిగతావాళ్ళకు తప్పులు దిద్దడం మొదలుపెట్టారు.

కూతురు ఏలూరు వెళ్ళి ఏం చేసిందో తెలిశాక ప్రసాదరావు మర్నాడు తనే మీరావలి ఇంటికి శుభలేఖ పట్టుకెళ్ళాడు.

ఎండకు బీటలిచ్చిన దోనెల్ని చెక్క పొంగేదాకా నీళ్ళలో నానవేసి, మళ్ళీ జతగా తాళ్ళతో బిగించారు. సత్తిబాబు అటక మీంచి తండ్రి గెడ దించుకున్నాడు. "స్టీరింగు లేకుండా నడపగలనో లేదో మామ్మా," అన్నాడు. రోజూ సాయంత్రం కొసలకు తాత్కాలికంగా మట్టి పెట్టుకుని పాయలో గుండ్రంగా తిరిగి తిరిగి, నాలుగోనాటికి తిన్నగా పోవడం నేర్చుకున్నాడు. మామ్మ రేవులో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని అన్నీ చెప్పి చేయించింది. అవతల గూడెం నుంచి పెళ్ళికూతురు నాగదుర్గ తేజశ్రీకి ఫోనులో మెసేజీలు పెట్టేది. ఎదురుగా నోరు పెగలని పిల్ల మెసేజీల్లో మాత్రం పేజీలు పేజీలు రాసేది. మట్టి ఎలా తొక్కాలి, వేళ్ళతో కాకుండా అరచేత్తో ఎందుకు మెత్తాలి అని.

"అన్నీ అర్థమయ్యాయి," అని రాసింది నాగదుర్గ ఒకరోజు. "నాన్నగారు మాత్రం రోజూ ఒకటే అడుగుతున్నారు. లోతెంత అని."

పెళ్ళి గూడెంలో జరిగింది. మర్నాడు పొద్దున కోడలు వచ్చే వేళకు మట్టి సిద్ధంగా ఉండాలి. సత్తిబాబు పాయ నడిమికి పోయి, మునిగి, అడుగు నుంచి ఒక గంప మట్టి తెచ్చాడు. అది కోడలి వంతుకే సరిపోయింది.

"నీ వంతు రేవులో తియ్యవే," అంది మామ్మ. "మన రేవు మట్టిని మించింది కొల్లేట్లోనే లేదు."

తేజశ్రీ రేవు అంచున నల్లటి మట్టి తవ్వుకుంది. చేతికి జిగురుగానే తగిలింది. గడ్డి తరుగు కలిపి తొక్కింది. ముద్దలు చేసి అరటాకు కప్పింది. పాత మట్టి ఊడదీసిన సంగడినీ, మట్టి గంపల్నీ, తేజశ్రీనీ సత్తిబాబు వ్యానులో వంతెన మీదుగా అవతలి గట్టుకు చేర్చాడు.

అవతలి గట్టు మీద కార్లు ఆగాయి. నాగదుర్గ దిగింది. పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుంది, గాజులు మోచేతి దాకా తోసుకుంది. ఎవరూ చెప్పకుండానే నల్లదోనె కొస ముందు గొంతుకు కూర్చుంది. పిడికిట్లో మట్టి నలిపి చూసిన తీరు అచ్చం వాళ్ళ నాన్న ధాన్యం చూసినట్టే ఉంది. తేజశ్రీ రంగుల దోనె ముందు కూర్చుంది. ఇద్దరూ పక్కపక్కన మట్టి మెత్తుతుంటే పాయకు అటూ ఇటూ జనం మాట్లాడకుండా చూశారు.

"ఇలాగేనా?" అంది నాగదుర్గ గొంతు తగ్గించి.

"ఇంకొంచెం పైకి వదినా," అంది తేజశ్రీ. వదినా అని నోటితో పిలవడం అదే మొదలు.

మట్టి పెట్టడం అయింది. పద్ధతి ప్రకారం భానుప్రకాష్, తేజశ్రీ నల్లదోనెలో కూర్చున్నారు. నాగదుర్గ, హనుమంతరావు గారు రంగుల దోనెలో. మీరావలి కూడా అందులోనే కూర్చున్నాడు, తన చెట్టు కనుక. హనుమంతరావు గారు తెల్లటి కొత్త పంచె, జరీ కండువా వేసుకుని, రెండు చేతులతో అంచులు పట్టుకుని, ఊపిరి తీసినా పడవ ఊగుతుందేమో అన్నట్టు కూర్చున్నారు.

"మొదటిసారా అండీ?" అన్నాడు మీరావలి.

"ఆఖరిసారి కూడానండీ," అన్నారు హనుమంతరావు గారు.

సత్తిబాబు గెడ వేశాడు. సంగడి గట్టు వదిలింది. గుర్రపుడెక్క పక్కకు తప్పుకుంటూ దారిచ్చింది. అవతల రేవులో కుర్చీలో కూర్చున్న మామ్మ లేచి నిలబడింది. ఆవిడ వెనక ఊరంతా నిలబడింది. నీళ్ళ మీద నుంచి చూస్తే తుంగలంక ఎలా ఉంటుందో తేజశ్రీ ఎప్పుడూ చూడలేదు. వంతెన మీది నుంచి ఊరి వీపు కనపడుతుంది. ఇక్కడి నుంచి ముఖం కనపడుతోంది. తడి రేవుమెట్లు, వాటి మీద రంగురంగుల చీరలు, పైన కొబ్బరిచెట్ల తలలు. మా ఊరు ఇటువైపు తిరిగి కూర్చున్న ఊరన్నమాట, అనుకుంది.

పాయ సగం దాటాక హనుమంతరావు గారు మెల్లగా అన్నారు, "అమ్మాయ్ దుర్గా. నా కాళ్ళు చల్లగా ఉన్నాయి."

నాగదుర్గ కిందకి చూసింది. దోనెలో నీళ్ళు. మామూలు నీళ్ళు కాదు, ఎర్రటి నీళ్ళు. ఏళ్ళనాటి రంగు చెక్కలోంచి ఊరి, ఆయన తెల్లపంచె అంచును దానిమ్మపండు రంగులో తడుపుతోంది. వెనక కొసన, తేజశ్రీ అరచేతి ముద్రలున్న చోట, మట్టి అటుకుల్లా విడిపోతోంది.

తేజశ్రీ నల్లదోనెలోంచి వంగి చూసింది. విడిపోతున్నది వదిన పెట్టిన మట్టి కాదు. తను పెట్టినది. తుంగలంక చెయ్యి పెట్టిన మట్టి, ఈత రాని ఆడపెళ్ళివారి కింద.

సత్తిబాబు గెడ ఎత్తి ఆగిపోయాడు. వెనక్కి తిప్పనా అన్నట్టు చూశాడు. వెనక్కి తిప్పితే కార్లున్నాయి. కార్లెక్కి వంతెన మీదుగా రావచ్చు. ఎవరూ ఏమీ అనరు కూడా.

తేజశ్రీ ఓణీ నడుముకు బిగించి నీళ్ళలోకి దూకింది. గుండెల దాకా వచ్చాయి. కాళ్ళకింద బురద మెత్తగా దిగి, ఆగింది. చుట్టూ తిరిగి దోనె వెనకకు వచ్చి, మిగిలిన మట్టిని రెండు అరచేతులతో అదిమింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి.

"గుడ్డేదైనా ఇవ్వండి," అంది. ఎవరికీ వినపడలేదు. అప్పుడు ఆ గొంతు, హాజరుకు పలికినా వినపడని ఆ గొంతు, పాయకు అటు చివర కుర్చీ దాకా వినపడేలా లేచింది. "గుడ్డ ఇవ్వండి మావయ్యగారూ! సత్తిబాబు బాబాయ్, తిప్పకు. ఊరివైపే పొడు."

హనుమంతరావు గారు అంచులు పట్టుకున్న చేతులు వదిలారు. మెడలోని జరీ కండువా తీసి వెనక్కి అందించారు. తేజశ్రీ దాన్ని మట్టిలో కుక్కి, ముద్దచేసి, రంధ్రంలోకి అదిమి, దాని మీద అరచేతులు ఆనించి నిలబడింది. నాగదుర్గ పూజ పళ్ళెంలోని ఇత్తడి చెంబుతో ఎర్రనీళ్ళు తోడి పోస్తోంది. భానుప్రకాష్ దూకబోతే మీరావలి ఆపాడు. "కూర్చో బాబూ. నువ్వు లేస్తే అది తిరగబడుతుంది. ఆ అమ్మాయి పట్టుకుంది కదా."

సత్తిబాబు గెడ పొడిచాడు. సంగడి కదిలింది. తేజశ్రీ దాని వెనక నడిచింది. గుండెల లోతు, నడుము లోతు, తొడల లోతు. ఊరంతా చూస్తోంది. మామూలుగా అయితే నలుగురు చూస్తేనే ఆ పిల్ల తల నేలలోకి దిగిపోయేది. ఇప్పుడు దించడానికి వీలు లేదు. దించితే చేతులు జారతాయి. అందుకని తలెత్తుకునే వచ్చింది.

రేవు మెట్టుకు దోనె ముక్కు తగిలింది.

ముందు మీరావలిని నలుగురు పట్టుకుని దించారు. తర్వాత హనుమంతరావు గారు దిగారు. పంచె అంచు జానెడు మేర ఎర్రగా, కావాలని వేయించిన రంగులా ఉంది. మామ్మ హారతి పళ్ళెంతో ఎదురొచ్చింది. ఆయన ఆవిడ ముందు నిలబడ్డారు.

"అమ్మగారూ, మట్టి పెట్టేది మా ఆడపిల్ల, మీకు ఈతెందుకు అన్నారు."

"అన్నాను బాబూ," అంది మామ్మ. "మట్టి పోయింది. పిల్ల వదల్లేదు కదా."

హనుమంతరావు గారు వెనక్కి తిరిగి చూశారు. తేజశ్రీ ఇంకా నీళ్ళలోనే, దోనె కొస పట్టుకునే ఉంది. వదలమని ఎవరూ చెప్పలేదు మరి.

"వదల్లేదండీ," అన్నారాయన. మళ్ళీ అదే మాట అన్నారు. "వదల్లేదు."

సత్తిబాబు ఊడిన మట్టిముద్ద ఒకటి తీసి వాసన చూశాడు. "ఇది రేవుమట్టి కాదు మామ్మా. చేపల మేత కంపు కొడుతోంది. పోయినేడు పొక్లెయిన్‌తో చెరువు పూడిక తీసి ఈ అంచునే పోశారు. చెరువుమట్టి ఎక్కడ నిలుస్తుంది?"

మామ్మ ఆ ముద్ద అందుకుని చిదిమి చూసింది. "నేను చెప్పిన రేవు నా కళ్ళలో ఉన్న రేవురా. పైన ఇంకోటి పోశారని నాకేం తెలుసు," అంది. తర్వాత కోడలి దోనె కొసకు వెళ్ళి అరచేత్తో తట్టింది. అది రాయిలా పలికింది. "చూశారా, గూడెం పిల్ల చెయ్యి ఎలా నిలబడిందో. మాటలు పడాల్సింది ఇప్పుడు మేమే."

"పడండి," అంది నాగదుర్గ. "కానీ నాకు నేర్పింది మీ మనవరాలే."

భోజనాలయ్యాక హనుమంతరావు గారు పంచె మార్చుకోమంటే మార్చుకోలేదు. వసారాలో కూర్చుని విస్తరాకుల సందడి చూస్తున్న మనిషి, తేజశ్రీ అటుగా వెళుతుంటే పిలిచారు.

"అమ్మా, ఆ రోజు ఒకటడిగాను. మీ ఊళ్ళో ఇంకేముంది అని. మీ నాన్నగారు ఏమీ లేదన్నారు. నువ్వు గుమ్మంలో నిలబడి ఏదో అనబోయావు. ఏంటది?"

ఈసారి తేజశ్రీ జవాబు మర్నాటికి వాయిదా పడలేదు.

"చూపిస్తాను, రండి," అంది.

ఆయన చెప్పులేసుకున్నారు. మీరావలి కూడా లేచాడు, మోకాళ్ళ మాట గుల్షన్ గుర్తుచేస్తున్నా వినకుండా. ముందు ఆ పిల్ల, వెనక ఎర్రంచు పంచెతో మిల్లు యజమాని, ఆయన భుజం పట్టుకుని తివాచీల మీరావలి. రేవుమెట్ల దగ్గర ఆగారు, బడి దగ్గర ఆగారు, ఊరి వెనక పక్షులు దిగే నీళ్ళ దగ్గర చాలాసేపు ఆగారు. దారిలో జనం తేజశ్రీ మాట్లాడటం చూసి మాట్లాడటం మానేశారు.

తిరిగి వచ్చేసరికి దొడ్లో, ఇన్నాళ్ళూ బకెట్టుతో సరిపెట్టుకున్న గేదె అరుస్తోంది. రోజూ తొట్టి ఉండే చోట మూతి పెట్టి, ఖాళీ నేల వాసన చూసి, మళ్ళీ అరిచింది. ప్రసాదరావు తల గోక్కున్నాడు.

"అమ్మా, తాళ్ళు విప్పించమంటావా? ఎవరి దోనె వాళ్ళకి. మీరావలి గారిది వ్యాను ఎక్కించేస్తాడు సత్తిబాబు."

మామ్మ మీరావలి వైపు చూసింది. మీరావలి గుల్షన్ వైపు చూశాడు.

"నాకు రంగులకి ప్లాస్టిక్ డ్రమ్ములున్నాయి," అంది గుల్షన్.

అప్పటికే పక్కవీధి పెర్సిస్ గుమ్మంలో నిలబడి ఉంది. వైశాఖంలో మా తమ్ముడి పెళ్ళి, సంగడి మాకిస్తారా అని అడగడానికి వచ్చింది. ఆవిడ వెనక ఇంకొకావిడ అదే పని మీద ఉంది.

"విప్పకండి," అంది మామ్మ. "గేదెకి సిమెంటు తొట్టి కొనరా ప్రసాదూ. అది పడవ."

సిమెంటు తొట్టి మర్నాడు వచ్చింది. తేజశ్రీ అందులో కుడితి పోయడానికి వెళ్ళింది. అరుగు మీద మామ్మ ఉంది, కానీ ఏమీ కేకెయ్యలేదు. అయినా ఆ పిల్ల నెమ్మదిగానే పోసింది.